పలకని పళ్లేలు: సంగీతపు సి.డి.ల తయారీలో చిక్కులు, వాటి విడుపులు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సమావేశాన చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలో సాహిత్యాన్ని గురించో, మాతృభాషా బోధనను గురించో ప్రసంగం ఉండటం ఆనవాయితీ. కంప్యూటరులోని పాటలను సి.డి.పైకి ఎక్కించడంలో ఎదురయ్యే చిక్కులు ఈ సభకు తగిన విషయమా అని కొందరికి సందేహం కలగవచ్చు. కాని దానికి కారణం ఈ పాఠశాల కార్యాలయంలోని బీరువాలోనే ఉన్నది. ఎన్నో ఏళ్ల వార్షికోత్సవాల కేసెట్లు ఒకప్పుడు అక్కడ ఉండేవి. 2003, 2004 సంవత్సరాలలో పూర్వ విద్యార్థులు కొందరు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, ఎం.పి.త్రీ ఫైళ్లుగా మార్చి, సి.డి.లపై రాయించి పాఠశాలకు సమర్పించారు. ఆ తరువాత కేసెట్లకు బూజు పట్టింది, వాటిని పారవేశారు. ఆ కంప్యూటరు కూడా పాతబడి తుక్కులోకి పోయింది. మిగిలినవి ఆ పళ్లేలే.

జూబిలీకి వినిపిద్దామని ఈ ఏడాది వాటిని బయటకు తీస్తే కొన్ని చక్కగా పలికాయి. కొన్ని నడుమ తొట్రుపడ్డాయి. కొన్ని అసలు పలకనే లేదు. వాటిలో ఉన్నవి బజారులో దొరికే సినిమా పాటలు కావు. ఇప్పుడు లేని తెలుగు పండితుని పద్యపఠనం, నేడు మనుమలను ఎత్తుకుంటున్న అమ్మలు పదేళ్ల వయసులో పాడిన ప్రార్థన గీతం, ఒక రాత్రంతా ఊరిని కూర్చోబెట్టిన హరికథ. పోతే మళ్లీ రావు. అందువల్ల ఈ ప్రసంగానికి రెండు ప్రయోజనాలు ఉన్నవి: పాత పళ్లేలను కాపాడుకొనే మార్గం తెలుసుకోవడం, కొత్తగా తయారుచేసేవి పదికాలాలపాటు పలికేలా చేయడం. ఫోన్ల కాలంలో సి.డి.లు ఎందుకని పిల్లలు అడుగుతున్నారు. ఒక్క మీట నొక్కితే పాట వచ్చే యంత్రమే తమకు చాలునని చెప్పే పెద్దలు ఈ ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. ఆ ప్రార్థన గీతం ముందుగా వినవలసినవారు వారే.

మొదట సి.డి. అంటే ఏమిటో కొంత తెలియాలి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన ఈ పళ్లెం 1982లో జపానులో విపణికి వచ్చింది. దాని వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. గ్రామఫోను రికార్డులో గాడి అంచు నుండి మధ్యకు పోతుంది, సి.డి.లో గాడి మధ్యనుండి అంచుకు పోతుంది. దాన్ని విప్పి పరిస్తే 5 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, ఎడమకొకటి కుడికొకటి చొప్పున రాస్తారు. ఈ లెక్కన సెకనుకు 14,11,200 బిట్లు, నిమిషానికి ఇంచుమించు ఒక కోటి ఆరు లక్షల బైట్లు అవుతాయి. ఆ సెకనును మళ్లీ 75 గదులుగా విభజిస్తారు. ఈ పాఠశాల వయస్సూ 75 కావడం కాకతాళీయమే అయినా, ఉత్సవ సంఘం వారికి ఇది ముచ్చట కలిగించే అంకె.

గణితం ఉపాధ్యాయులు తరగతిలో ఇవ్వదగిన లెక్క ఒకటి ఇక్కడ ఉన్నది. 80 నిమిషాల సి.డి.పై 700 మెగాబైట్లు అని అచ్చువేసి ఉంటుంది. కాని 80 నిమిషాల సంగీతానికి 84 కోట్ల బైట్లకు పైగా కావాలి. ఎక్కువది తక్కువదానిలో ఎలా పట్టింది? పళ్లెంపై మొత్తం 3,60,000 గదులు ఉంటాయి. ఒక్కొక్క గదిలో సంగీతమైతే 2,352 బైట్లు నింపుతారు. అదే కంప్యూటరు ఫైళ్లయితే 2,048 బైట్లే నింపి, మిగిలిన 304 బైట్లను చిరునామాకు, తప్పులు సరిదిద్దే అదనపు గుర్తులకు వినియోగిస్తారు. ఫైలులో ఒక్క అక్షరం తప్పినా పనికిరాదు. పాటలో ఒక చిన్న చుక్క పోతే చెవికి తెలియదన్న భావనతో సంగీతపు సి.డి.కి ఆ అదనపు కాపలా పెట్టలేదు. చిన్న గీతలను సరిదిద్దే ఏర్పాటు రెండింటిలోనూ ఉన్నది. అది సరిపోనప్పుడు సంగీతపు యంత్రం ఇరుపక్కల ఉన్న స్వరాలను చూసి నడుమ పోయినదాన్ని ఊహించి పూరిస్తుంది. సి.డి. శిథిలమవుతున్నా చాలాకాలం బాగానే పలుకుతున్నట్లు తోచడానికి కారణం ఈ పూరణమే. ఒకనాడు అకస్మాత్తుగా చెడిపోయినట్లు కనిపిస్తుంది గాని, చెడు ఎప్పుడో మొదలై ఉంటుంది.

ఇక ఎం.పి.త్రీ. ఇది జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకుల కృషితో రూపొంది, 1990 దశకంలో అంతర్జాతీయ ప్రమాణంలో చేరిన పద్ధతి. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి వినిపించదు. అటువంటివాటిని విడిచిపెట్టి మిగిలినదాన్ని కుదించి రాస్తారు. సెకనుకు 128 కిలోబిట్ల ఎం.పి.త్రీ ఫైలు అసలు సి.డి. పరిమాణంలో పదకొండవ వంతు మాత్రమే. ఒకసారి విడిచిపెట్టినది మళ్లీ రాదు. ఆ ఫైలును సి.డి.పైకి ఎక్కిస్తే పరిమాణం తిరిగి పదకొండు రెట్లవుతుంది గాని, నాణ్యత పెరగదు. నీళ్లు కలిపిన పాలను పెద్ద గిన్నెలో పోసినట్లే. సి.డి.కి ఎక్కితే పాట స్వచ్ఛమవుతుందన్న భ్రమ చదువుకున్నవారిలోనూ ఉన్నది.

బర్న్ చేయడం అన్న మాట అలంకారం కాదు. ఇంట్లో రాసుకునే సి.డి.-ఆర్‌లో రంగు పూత ఒకటి ఉంటుంది. రాసే యంత్రంలోని లేజరు కిరణం ఆ పూతను మచ్చలు మచ్చలుగా వేడి చేసి మారుస్తుంది. ఒకప్పుడు ఇంటింటా వినిపించిన జర్మన్ సాఫ్ట్‌వేరుకు నీరో బర్నింగ్ రామ్ అని పేరు పెట్టారు. రోము నగరం తగలబడుతుంటే నీరో చక్రవర్తి వాయిద్యం వాయించాడన్న ప్రతీతికి అది చమత్కారం. దాని గుర్తుగా మంటల్లో ఉన్న కొలోసియంను వేశారు. చరిత్ర ఉపాధ్యాయులు ఇక్కడ నవ్వుకోక తప్పదు. రోము దహనం సామాన్య శకం 64లో జరిగింది. కొలోసియం కట్టడం నీరో మరణించిన తరువాతగాని మొదలు కాలేదు.

ఈ సాఫ్ట్‌వేరు చేసే పని రెండు భాగాలు. ముందు ఎం.పి.త్రీని విప్పి సి.డి. కొలతలలోకి మార్చాలి, తరువాత దాన్ని ఆగకుండా పళ్లెంపై రాయాలి. చిక్కు వచ్చినప్పుడు అది ఏ భాగంలో వచ్చిందో తేల్చుకుంటే సగం పని అయినట్లే. తేల్చుకొనే ఉపాయం సులభం. పాటలన్నింటినీ ముందుగా వేవ్ ఫైళ్లుగా మార్చి కంప్యూటరులోనే దాచి, ఒక్కొక్కటి చివరిదాకా వినాలి. అక్కడే పాట తెగితే దోషం ఫైలుది. అక్కడ బాగుండి పళ్లెంపై తెగితే దోషం రాతది. ఇంత చిన్న పరీక్ష చేయకుండా సాఫ్ట్‌వేరును తీసి మళ్లీ ఎక్కించడం, అదీ కుదరకపోతే కంప్యూటరునే శుభ్రంగా తుడిచివేయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలన్న నియమం ప్రయోగశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు నేర్పుతారు. ఇక్కడ పెద్దలు మరచిపోతారు.

ఎక్కువమందిని ఏడిపించే చిక్కు అన్నింటిలోకి సులభమైనదే. కంప్యూటరులో పాడే సి.డి. ఇంట్లోని ప్లేయరులో పాడదు. దానికి మొదటి కారణం, సంగీతపు సి.డి.కి బదులు డేటా సి.డి. తయారు కావడం. ఎం.పి.త్రీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగా పళ్లెంపై పెడితే అది ఫైళ్ల సంచి అవుతుంది. ఎం.పి.త్రీ చదవగల యంత్రం దాన్ని పాడుతుంది, పాతకాలపు సి.డి. ప్లేయరుకు అది అర్థం కాని భాష. విండోస్‌లో ఖాళీ సి.డి. పెట్టగానే రెండు ఎంపికలు చూపే పెట్టె ఒకటి వస్తుంది: యు.ఎస్.బి. ఫ్లాష్ డ్రైవు వలె వాడతారా, సి.డి. లేదా డి.వి.డి. ప్లేయరుతో వాడతారా అని. రెండవదాన్ని చూసి ఇదే ప్లేయరులో పాడుతుందని నమ్మి మోసపోయినవారు ఎందరో. అక్కడ ఏది ఎంచుకున్నా వచ్చేది డేటా సి.డి.యే. ఆ పెట్టెను మూసివేసి, పాత విండోస్ మీడియా ప్లేయరును తెరిచి, బర్న్ విభాగంలో ఆడియో సి.డి. అన్నదాన్ని ఎంచుకోవాలి. మ్యాక్ కంప్యూటర్లలో మ్యూజిక్ అన్న అనువర్తనం, లైనక్సులో కె3బి, బ్రసేరో ఇదే పని చేస్తాయి. దుకాణాలలో సి.డి. రాసి ఇచ్చేవారు ఈ తేడా చెప్పేది తక్కువ. అడిగి చేయించుకోవడం మేలు.

ఆడియో సి.డి.గానే రాసినా పలకకపోతే, పళ్లెం ముగింపు జరిగిందో లేదో చూడాలి. పుస్తకానికి విషయసూచిక ఉన్నట్లే సి.డి. లోపలి అంచున పాటల పట్టిక ఉంటుంది. ఫైనలైజ్ చేయడం అంటే ఆ పట్టికను రాసి ముద్ర వేయడం. మరికొన్ని పాటలు తరువాత చేర్చవచ్చుననే ఆశతో ముద్ర వేయకుండా వదిలితే, రాసిన యంత్రం చదువుతుంది గాని ఇంటి ప్లేయరు పట్టిక లేదని తిప్పికొడుతుంది. ఇది నయమయ్యే జబ్బు. అదే పళ్లేన్ని కంప్యూటరులో పెట్టి ముగింపు చేయిస్తే చాలు. మళ్లీ మళ్లీ రాయదగిన సి.డి.-ఆర్‌డబ్ల్యూ సంగతి వేరు. అది తనపై పడిన కాంతిలో వందకు 15 నుండి 25 పాళ్లు మాత్రమే తిరిగి పంపుతుంది, మామూలు సి.డి. 70 పాళ్ల దాకా పంపుతుంది. పాత యంత్రాల కన్నుకు ఆ వెలుగు చాలదు. కాబట్టి ప్రయోగాలకు ఆర్‌డబ్ల్యూ, పంచిపెట్టడానికి ఆర్ వాడాలి. డి.వి.డి. పళ్లేన్ని సి.డి. అనుకొని వాడటం కూడా ఉన్నది; చూపుకు రెండూ ఒకటే.

రాయడం నడుమ ఆగిపోయే చిక్కు పాత కంప్యూటర్ల కాలంలో నిత్యం ఉండేది. పళ్లెం తిరుగుతూ ఉంటుంది, లేజరు రాస్తూ ఉంటుంది, వెనుకనుండి సరుకు ఆలస్యమైతే గీత తెగుతుంది, పళ్లెం పాడవుతుంది. అటువంటివి టీ గ్లాసుల కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరావని హాస్యమాడేవారు. 2000లో సాన్యో సంస్థ ప్రవేశపెట్టిన బర్న్‌ప్రూఫ్ పద్ధతి, దాని తరువాత వచ్చిన ఇతర సంస్థల పద్ధతులు దీన్ని చాలామటుకు తొలగించాయి. సరుకు ఆగితే లేజరు ఆగి, మళ్లీ అందగానే ఆగినచోటి నుండి మొదలుపెడుతుంది. అయినా పాటలను పెన్ డ్రైవు నుండి నేరుగా రాయడం, రాస్తూ ఉండగా మరో పెద్ద పని పెట్టడం మంచిది కాదు. ముందు అన్నింటినీ కంప్యూటరులోకి తెచ్చుకోవాలి. విప్పిన పాటలకు కనీసం ఒక గిగాబైటు ఖాళీ స్థలం ఉంచాలి. నేటి లాప్‌టాపులలో చాలావాటికి సి.డి. అర లేనందున తీగతో తగిలించే బయటి యంత్రాన్ని వాడుతున్నారు. దానికి కావలసిన విద్యుత్తు ఒక్క యు.ఎస్.బి. రంధ్రం నుండి చాలకపోతే రాత మొదలైన కొద్దిసేపటికే చేతులెత్తేస్తుంది. సాఫ్ట్‌వేరును తిట్టేముందు, ఇతర పరికరాలతో పంచుకునే హబ్బుకు కాక కంప్యూటరుకే నేరుగా తగిలించి చూడాలి. వేగం కూడా ముఖ్యమే. 52 రెట్ల వేగంతో రాయవచ్చునని పళ్లెంపై ఉన్నంత మాత్రాన రాయనక్కరలేదు. 16 రెట్ల వేగంతో 80 నిమిషాల పాటలు 5 నిమిషాల చిల్లరలో అయిపోతాయి; మిగిలే రెండు మూడు నిమిషాలతో ఎవరూ కోటలు కట్టరు.

కొన్నిసార్లు సాఫ్ట్‌వేరు ఒక ఫైలును మాత్రం ససేమిరా తీసుకోదు. విదేశాలలోని పూర్వ విద్యార్థులు ఈ ఉత్సవానికి వాట్సాప్‌లో పాడి పంపిన సందేశాలు ఈ కోవలోనివే. అవి ఓపస్ అన్న పద్ధతిలో ఉంటాయి. బర్నింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలా పాతవాటికి అది తెలియదు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వేవ్‌గా మార్చి ఇస్తే మారుమాటాడకుండా తీసుకుంటాయి. దింపుకోవడం సగంలో ఆగిన ఎం.పి.త్రీ మరొక కారణం. అది సగం పాడి నిలిచిపోతుంది. చందా కట్టి వినే సేవలలో దింపుకున్న పాటలు తాళం వేసినవి కనుక అవి బర్న్ కావు, కారాదు కూడా. తాళాల సంగతి వచ్చింది కనుక 2005నాటి ఒక వ్యవహారాన్ని చెప్పుకోవాలి. సోనీ బి.ఎం.జి. సంస్థ కొన్ని సి.డి.లలో నకలు చేయకుండా ఆపే కార్యక్రమాన్ని దాచి పెట్టింది. అది కొన్నవారికి తెలియకుండానే కంప్యూటరులో చొరబడి తన ఉనికిని మరుగుపరచుకొనేది. తెలియక దాన్ని పీకివేస్తే సి.డి. యంత్రమే కంప్యూటరుకు కనిపించకుండా పోయేది. గొడవ పెద్దదై ఆ ఏడాదే ఆ సి.డి.లను సంస్థ వెనక్కు తీసుకున్నది.

యంత్రం ఉండీ కనిపించకపోవడం ఇతర కారణాల వల్లనూ జరుగుతుంది. ఒకే కంప్యూటరులో రెండు మూడు బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు ఎక్కిస్తే ఒకదాని కాలు ఒకటి తొక్కుతుంది. తీసివేసిన తరువాత కూడా వాటి వడపోతల పేర్లు విండోస్ రిజిస్ట్రీలో మిగిలిపోయి సి.డి. యంత్రానికి అడ్డుపడతాయి. డివైస్ మేనేజరులో పసుపు గుర్తు కనిపిస్తే ఈ అనుమానం పెట్టుకోవచ్చు. ఆ పేర్లను తొలగించడం కష్టం కాదు గాని, రిజిస్ట్రీలో పొరపాటున మరొకటి తీసివేస్తే కంప్యూటరు లేవదు. తెలిసినవారిచేత, ముందుగా నకలు తీయించి, చేయించుకోవాలి.

సంగీతజ్ఞానం ఉన్నవారు వెంటనే పట్టుకోగల దోషం ఒకటున్నది. పాట మొత్తం బాగానే ఉంటుంది, శ్రుతి మాత్రం దిగిపోతుంది. కేసెట్టు నుండి ఎక్కించేటప్పుడు సెకనుకు 48,000 కొలతల చొప్పున తీసుకొని, మార్చకుండా 44,100 కొలతల సి.డి.పై పెడితే జరిగేది ఇదే. 10 నిమిషాల పాట 10 నిమిషాల 53 సెకండ్లు సాగుతుంది, శ్రుతి ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానాలు తగ్గుతుంది. పదేళ్ల ఆడపిల్ల గొంతు కాస్త పెద్దమ్మాయి గొంతులా వినిపిస్తుంది. బాగుందనే అనుకుంటారు గాని, అది ఆ పిల్ల గొంతు కాదు. 22,050 కొలతల ఫైలును 44,100గా పొరబడితే దీనికి విరుద్ధంగా వేగం రెట్టింపై షడ్జం తారషడ్జానికి ఎగబాకుతుంది. అది విన్నవారెవరికైనా తెలిసిపోతుంది. నేటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు తామే మార్చుకుంటాయి. అనుమానం ఉంటే ఆడాసిటీలో తెరిచి, ప్రాజెక్టు కొలతను 44,100కు పెట్టి, మళ్లీ వేవ్‌గా దాచాలి.

హరికథను ట్రాకులుగా విభజించినప్పుడు ప్రతి ట్రాకు మధ్యా రెండు సెకండ్ల నిశ్శబ్దం వస్తుందని ఒకరు చెప్పారు. దాసుగారు పద్యం ఎత్తుకొని రాగం తీస్తుండగా నడుమ మూగబోతే ఎంత రసభంగమో చెప్పనక్కరలేదు. ఒక్కొక్క ట్రాకునూ విడివిడిగా రాసే పద్ధతిలో ఈ రెండు సెకండ్లు తప్పవు. డిస్క్ ఎట్ ఒన్స్ అన్న పద్ధతిని ఎంచి, విరామాన్ని సున్నా చేస్తే కథ ధారగా సాగుతుంది. శతకం రాయించదలచినవారికి మరో హెచ్చరిక: సి.డి.పై 99 ట్రాకులకు మించి పట్టవు. 108 పద్యాలలో ఒక్కొక్కటి ఒక ట్రాకు కావాలనుకుంటే తొంభై తొమ్మిదవ పద్యం దగ్గర సాఫ్ట్‌వేరు ఆగిపోతుంది. సి.డి. రూపొందించినవారికి తెలుగు శతకాల సంగతి తెలిసినట్లు లేదు.

తెలుగు లిపి సంగతీ అంతే. పాటల పేర్లు యంత్రపు అద్దంలో కనిపించేందుకు 1996లో సి.డి. టెక్స్ట్ అన్న ఏర్పాటు వచ్చింది. అందులో రోమను అక్షరాలకు, జపాను అక్షరాలకు చోటున్నది, తెలుగుకు లేదు. తెలుగులో పేరు పెడితే ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తుంది, లేదా ఆ ఫైలు దగ్గరే సాఫ్ట్‌వేరు మొరాయిస్తుంది. డేటా సి.డి.లో జోలియెట్ అన్న పద్ధతి తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది గాని 64 గుర్తుల వరకే. రెండక్షరాల కృష్ణ కంప్యూటరు లెక్కలో ఐదు గుర్తులు: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ. దీర్ఘ సమాసంతో పేరు పెడితే తోక తెగుతుంది. కాబట్టి ఫైళ్లకు రోమను లిపిలో చిన్న పేర్లు పెట్టి, తెలుగు పేర్లను లోపలి కాగితంపై అందంగా అచ్చువేయించాలి. వరుస సంఖ్యలు 1, 2, 3 అని కాక 01, 02, 03 అని రాయాలి. లేకుంటే చాలా యంత్రాలు 1 తరువాత 10, 11 పాడి, ఆపైన 2కు వస్తాయి. ప్రార్థన గీతానికి ముందే వందన సమర్పణ వినిపిస్తుంది.

పాటకొక స్థాయిలో గొంతు వినిపించడం, 80 నిమిషాలు దాటిన జాబితాను కుక్కబోయి చివరి పాట తెగడం వంటివి చిన్న చిక్కులు. మొదటిదానికి నార్మలైజ్ అన్న ఎంపిక ఉన్నది. రెండవదానికి ఒక పాట తగ్గించుకోవడమే మందు. రాత పూర్తికాగానే సరిచూసే ఎంపికను వాడి, తరువాత ఇంట్లో ఉన్న అన్నింటికన్నా పాత ప్లేయరులో చివరి ట్రాకును పెట్టి వినాలి. అంచు దగ్గర పలికితే సాధారణంగా అంతా పలికినట్లే.

ఇప్పుడు బీరువాలోని పాత పళ్లేల దగ్గరకు రావాలి. సి.డి. మెరిసే అడుగుభాగాన్నే అందరూ భద్రంగా చూసుకుంటారు. నిజానికి రంగు పూత, లోహపు పొర ఉండేది పేరు రాసే పైభాగానికి దగ్గరగా. అక్కడ పలుచని లక్క పూత తప్ప రక్షణ లేదు. అడుగున గీత పడితే మెరుగు పెట్టి సరిచేయవచ్చు. పైన గోటితో గట్టిగా గీరినా ఆ మేర ధ్వని పోయినట్లే. బాల్ పెన్నుతో సంవత్సరం రాసినవి, అంటించిన కాగితాన్ని పీకబోయినవి, ఘాటైన ద్రావకమున్న మార్కరుతో అలంకరించినవి ముందుగా పోయాయి. ఎండ, వేడి, సముద్రతీరపు తేమ రంగు పూతను వెలిసిపోయేలా చేస్తాయి. బీరువాలో కిటికీ వైపున్న అరలోని పళ్లేలే ఎక్కువ చెడటం గమనార్హం.

వీటిని ఆటలాడినట్లు మళ్లీ మళ్లీ వాయించి చూడరాదు. మెత్తని గుడ్డతో మధ్యనుండి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత గాడి వెంబడే పడి ఎక్కువ నష్టం చేస్తుంది. తరువాత మంచి కంప్యూటరు యంత్రంలో పెట్టి, చదివే వేగం తగ్గించి, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేరుతో లోపలి పాటలను బయటకు తీయాలి. అది అనుమానం ఉన్న ప్రతి గదినీ పలుమార్లు చదివి, సమాధానాలు కలిస్తేనే ఒప్పుకుంటుంది. ఒక పళ్లేనికి గంటలు పట్టవచ్చు. ఒక యంత్రం చదవనిదాన్ని మరొకటి చదవడం కద్దు, కాబట్టి రెండు మూడింటిలో ప్రయత్నించకుండా ఆశ వదులుకోరాదు. బయటకు తీసినదాన్ని మళ్లీ ఎం.పి.త్రీగా కుదించడం పెద్ద పొరపాటు; ఒకసారి కోల్పోయినదానికి మరో కోత తోడవుతుంది. వేవ్‌గానో, ఏమీ వదలకుండా సుమారు సగానికి మడిచే ఫ్లాక్‌గానో దాచాలి. పాఠశాల కంప్యూటరులో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, వేరే ఊళ్లోని పూర్వ విద్యార్థి దగ్గర ఒకటి, ఈ విధంగా మూడు ప్రతులు ఉంచాలని సంఘం నిర్ణయించింది. సి.డి. పెద్దలు వినడానికి మాత్రమే; అసలు ప్రతికి అది ఆశ్రయం కాదు.

హక్కుల మాట ఒకటి. వార్షికోత్సవ సి.డి.లో పిల్లలు నాట్యమాడిన సినిమా పాటల రికార్డులు కూడా ఉన్నాయి. భారతదేశంలో ధ్వనిముద్రణపై హక్కు అది ప్రచురితమైన మరుసటి ఏడాది నుండి 60 సంవత్సరాలు ఉంటుంది. వాటిని ఈ జూబిలీ సి.డి.లో చేర్చి పంచడం కుదరదు. కొందరు నిరుత్సాహపడ్డారు గాని, తీసివేసిన తరువాత మిగిలినదంతా ఈ బడి గొంతే కావడం వల్ల నష్టమేమీ కలగలేదు.

ఇంతవరకు చేసిన ప్రయత్నంలో పండితుని పద్యపఠనం పూర్తిగా బయటపడింది. అది మొదటినుండీ ముగింపు చేయని పళ్లెం కావడమే దాని మౌనానికి కారణమని తేలింది. ప్రార్థన గీతం రెండు చోట్ల చిటపటమంటుంది, అయినా మాటలన్నీ తెలుస్తున్నాయి. హరికథ రెండవ పళ్లెంలో చివరి పదకొండు నిమిషాలు మాత్రం ఏ యంత్రమూ చదవలేదు. 2004లో ఆ పళ్లెం ప్రతులను కొందరు తమ ఇళ్లకు తీసుకువెళ్లారని పెద్దలు చెబుతున్నారు. అటకపైనో, పాత టీవీ కింది సొరుగులోనో, కారులోనో ఆ ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే, దాన్ని వాయించి చూడకుండా, పైనున్న కాగితాన్ని పీకకుండా, తుడవకుండా, ఒక గట్టి డబ్బాలో నిలువుగా పెట్టి, పాఠశాల కార్యాలయంలో అందజేయవలసిందిగా ప్రార్థన. పాటలను బయటకు తీసిన వారం లోపల పళ్లేన్ని, దానితోపాటు కొత్త సి.డి.నీ తిరిగి ఇంటికే చేరుస్తారు.